దుబాయ్‌లో బుర్జ్ వ్యూ గదికి డబ్బు కట్టే ముందు

డౌన్‌టౌన్‌లో ఒక ఐదు నక్షత్రాల హోటల్ ‘బుర్జ్ వ్యూ’ అని అమ్మిన గదిలోంచి బుర్జ్ ఖలీఫాను చూడాలంటే బాల్కనీ చివరికెళ్లి, రెయిలింగ్ పట్టుకుని, మెడ పూర్తిగా ఎడమకి తిప్పాలి. అప్పుడు కూడా ముందున్న టవరు అంచు పక్కనుంచి పై మూడో వంతు మాత్రమే కనిపిస్తుంది. దీనికి మామూలు గది కన్నా రాత్రికి 400 దిర్హాములు ఎక్కువ తీసుకున్నారు. దిర్హామ్‌కి సుమారు 25 రూపాయల లెక్కన పదివేలు. రిసెప్షన్‌లో అడిగితే, “పార్షల్ వ్యూ అని షరతుల్లో ఉంది సర్” అన్నారు. ఈ ముచ్చట కోసమే బయల్దేరిన అమ్మావాళ్లు ఆ సాయంత్రమంతా మాట్లాడనే లేదు.

హోటల్‌కి ముందే మెయిల్ రాసి మూడు విషయాలు తేల్చుకోండి: గది ఎన్నో అంతస్తు, కిటికీ ఫౌంటెన్ వైపా రోడ్డు వైపా, బుర్జ్ అడుగు నుంచి కొస దాకా కనిపిస్తుందా. జవాబు మెయిల్‌లోనే రావాలి, ఫోన్‌లో చెప్పిన మాటకి చెక్-ఇన్ దగ్గర విలువ లేదు. ఫౌంటెన్ చెరువు బుర్జ్ పాదాల దగ్గరే ఉంది కాబట్టి ‘ఫౌంటెన్ వ్యూ’ గది కాస్త ఖరీదైనా నమ్మకం ఎక్కువ.

రెండో దెబ్బ బిల్లులో ఉంటుంది. చాలా సైట్లలో మొదట కనిపించే ధరకి పన్నులు కలపరు. దానిమీద సర్వీస్ ఛార్జి 10 శాతం, మున్సిపాలిటీ ఫీజు 7 శాతం, వ్యాట్ 5 శాతం పడతాయి. వెయ్యి దిర్హాముల గది 1,220 దాటుతుంది. ఇవి కాక టూరిజం దిర్హామ్ అని ఐదు నక్షత్రాల హోటల్లో గదికి, రాత్రికి 20 విడిగా కట్టాలి. రెండు గదులు మూడు రాత్రులు తీసుకుంటే అదే 120. చెక్-ఇన్‌లో డిపాజిట్ పేరుతో కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. దానికి ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) గానీ డెబిట్ కార్డు గానీ ఇవ్వకండి. ఆ డబ్బు విడుదలై రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఈలోపు యాత్ర అయిపోతుంది. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు ఇచ్చి, ఫారెక్స్ కార్డుని ఖర్చులకి ఉంచుకోండి.

ఇక బుర్జ్ ఖలీఫా. 828 మీటర్లు, 2010 జనవరి 4న తెరిచారు. కొలత కన్నా దాని ఒంటి తీరు చూడండి. నేలమీద మూడు రెక్కలు, మధ్యలో కాంక్రీటు గుండె, ఒక్కో రెక్క మిగతా రెండింటిని ఆనించి పట్టుకుంటుంది. పైకెళ్లే కొద్దీ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి మెలితిరుగుతూ తగ్గుతాయి. దానివల్ల ఒక్కో ఎత్తులో భవనం ఆకారం వేరుగా ఉండి, గాలి సుడులు అన్నీ ఒకే లయలో తగిలి టవరుని ఊపే అవకాశం లేకుండా పోయింది. ఇంజనీరు బిల్ బేకర్, ఆర్కిటెక్ట్ ఏడ్రియన్ స్మిత్ కలిసి చేసిన ఈ పని కింద చెరువు గట్టు మీద నిలబడితేనే బాగా అర్థమవుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. ఫౌంటెన్ ఆట కూడా సాయంత్రం నుంచి అరగంటకోసారి ఉచితమే.

పైకి వెళ్లాలనుకుంటే 124, 125 అంతస్తుల టికెట్ చాలు. 148 టికెట్ దాదాపు రెట్టింపు, ఎండాకాలపు దుమ్ముపొగలో అక్కడినుంచి అదనంగా కనిపించేది తక్కువ. సూర్యాస్తమయం స్లాటు అన్నిటికన్నా ఖరీదు, పైగా దిగడానికి లిఫ్టు వరుసలో ముప్పావుగంట నిలబడాల్సి రావచ్చు. ఎక్కడానికి పట్టేది ఒక్క నిమిషమే. ఉదయం మొదటి స్లాటు తీసుకోండి. మెట్రో దిగాక దుబాయ్ మాల్‌కి ఏసీ వంతెన మీద సుమారు 800 మీటర్ల నడక, మాల్ లోపల ఇంకొంత. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే టాక్సీయే మేలు.

బుర్జ్ అల్ అరబ్ 1999లో తెరిచారు, ఎత్తు 321 మీటర్లు. ‘ఏడు నక్షత్రాలు’ అన్నది పత్రికలు పెట్టిన పేరే, అలాంటి అధికారిక హోదా లేదు. తీరం నుంచి 280 మీటర్ల దూరంలో దీవి కట్టి దానిమీద లేపారు. ఇక్కడ మామూలు గది అనేది లేదు, అన్నీ రెండంతస్తుల సూట్లే. అతి చిన్నదే 170 చదరపు మీటర్లు. బుకింగ్ లేకపోతే వంతెన మొదట్లోనే ఆపేస్తారు. భోజనానికో గైడెడ్ టూరుకో ముందే బుక్ చేసుకోవాలి, టూరు మొదలైనప్పటి ధర 399 దిర్హాములు. వెళ్లే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి. లోపలి బంగారు రేకుల అలంకారం నా కంటికి ఎక్కువైంది. బయటి తెరచాప గోడ మాత్రం అద్భుతం. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ అది. పగలు ఎండని మెత్తటి తెల్లని వెలుగుగా మార్చి ఏట్రియంలోకి, అంటే లోపలి ఎత్తైన హాల్లోకి పంపుతుంది, రాత్రి రంగుదీపాలకి తెరవుతుంది. దాన్ని చూడటానికి ఉమ్ సుఖైమ్ బీచ్ ఉంది, మదీనత్ జుమేరా సూక్ అనే బజారు ఉంది, రెండింటికీ ప్రవేశ రుసుము లేదు.

అట్లాంటిస్ రిసార్టుకి పిల్లలుంటేనే వెళ్లండి. అక్కడ బస చేసేవాళ్లకి వాటర్‌పార్కు ఉచితం, లెక్క అక్కడే కలిసొస్తుంది.

మనసు నిండినది మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్ దగ్గర. 2022 ఫిబ్రవరి 22న తెరిచిన ఈ 77 మీటర్ల ఉక్కు వలయానికి ఆర్కిటెక్ట్ షాన్ కిల్లా. 1,024 పలకలతో ఒంటిని కప్పారు. దాని మీద అల్లుకున్న అరబిక్ అక్షరాలు చెక్కిన అలంకారం కాదు, అవే కిటికీలు. పగలు వాటిలోంచి వెలుగు లోపలికి దిగుతుంది, చీకటి పడ్డాక అవే వెలుగుతాయి. ఎమిరేట్స్ టవర్స్ మెట్రో స్టేషన్ వంతెన మీదనుంచి ఇది బాగా కనిపిస్తుంది. లోపలికి 150 దిర్హాములు పైనే. 2071లో ప్రపంచం ఎలా ఉంటుందో చూపించే ప్రదర్శన పదేళ్లు దాటిన పిల్లలకి నచ్చుతుంది, పెద్దవాళ్లు విసుక్కుంటారు.

ఈ గాజు, ఉక్కు చూశాక ఒక పూట పాతపేట అల్ ఫహీదీకి కేటాయించి తీరాలి. పాత ఇళ్ల మీద గాలిని పట్టే గోపురాల్ని కిందనుంచి తలెత్తి చూస్తే, లోపల మూలనుంచి మూలకి అడ్డగోడలు కనిపిస్తాయి. ఏ దిక్కున గాలి వీచినా ఒక అర పట్టి గదిలోకి దింపుతుంది, ఎదురు అర వేడిగాలిని బయటికి లాగేస్తుంది. కరెంటు లేని కాలంలో ఎడారి ఊరు బతికిన తీరు అది. పక్కనే రేవు. ఒక్క దిర్హామ్ ఇస్తే అబ్రా పడవ అవతలి ఒడ్డు దేరాకి చేరుస్తుంది. ఊరంతటిలో ఇంత తక్కువకి ఇంత ఆనందం ఇంకెక్కడా దొరకలేదు, అమ్మావాళ్ల ముఖాలు మళ్లీ వికసించిందీ ఇక్కడే.

అందుకే బసని రెండుగా విడగొట్టుకోండి. ఖరీదైన హోటల్ ఒక్క రాత్రికి చాలు. మిగతా రాత్రులు బర్ దుబాయ్, దేరాల్లో మెట్రోకి దగ్గరగా మూడు నక్షత్రాల గది తీసుకోండి. చలికాలంలో 250–350 దిర్హాములకి శుభ్రమైనవి దొరుకుతాయి. కరామా పేటకి వెళ్తే ఆంధ్ర భోజనం ఉంది. అక్కడి బల్లల దగ్గర జగిత్యాల, నిజామాబాద్, కడప యాసలు వినిపిస్తాయి. ఈ నగరం గోడలు లేపిన కూలీల్లో ఆ జిల్లాలవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లతో మాట కలపండి, ఏ గైడూ చెప్పని సంగతులు చెబుతారు.

విమానం టికెట్ కొనేటప్పుడు దుబాయ్‌లో ఏ టెర్మినలో చూసుకోండి. 1, 3 టెర్మినళ్లకి మెట్రో ఉంది, 2కి లేదు. ఎయిర్‌పోర్టు టాక్సీ మీటరు 25 దిర్హాములతోనే మొదలవుతుంది. ఆదివారం మెట్రో ఉదయం 8 గంటలకి గానీ కదలదు, ఆరోజు తెల్లవారుజాము విమానమైతే టాక్సీ డబ్బులు విడిగా పెట్టుకోండి.