ఏడో తరం ప్రాసెసర్‌కు ఏది మేలు: విండోస్ 10, విండోస్ 11, లినక్స్?

మా ఇంట్లోని డెస్క్‌టాప్‌లో ఏడో తరం ఇంటెల్ కోర్ ఐ5-7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. దాని మీద విండోస్ 11కు యంత్రం సరిపోతుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ నడిపి చూస్తే టీపీఎం 2.0 (రహస్య సంకేతాలను దాచే భద్రతా ఏర్పాటు) దగ్గర పచ్చ గుర్తు, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం మొదలయ్యేలా చూసే ఏర్పాటు) దగ్గర పచ్చ గుర్తు, ర్యామ్‌కూ డిస్కుకూ పచ్చ గుర్తు పడ్డాయి. ప్రాసెసర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎర్ర గుర్తు పడింది. విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్ వైపున దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది. 2017 జనవరిలో వచ్చిన 7400 గడప బయటే ఆగిపోగా, అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరం ఐ5-8400 లోపలికి వెళ్లింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఇలాంటి యంత్రం ఉన్నవారికి మూడు దారులు కనిపిస్తాయి. విండోస్ 10లోనే ఉండిపోవడం ఒకటి, జాబితాను పక్కనపెట్టి విండోస్ 11 ఎక్కించడం రెండోది, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కు మారడం మూడోది.

ఏది మేలో చెప్పే ముందు ఆ జాబితా దేనిని కొలుస్తున్నదో చూడాలి, ఎందుకంటే అది వేగాన్ని కొలవడం లేదు. చవక ల్యాప్‌టాప్‌లలో వచ్చే సెలెరాన్ ఎన్4020 జాబితాలో ఉంది. దానికంటే ఎన్నో రెట్లు వేగంగా పనిచేసే కోర్ ఐ7-7700 లేదు. పైగా ఏడో తరంలోనే ఐ7-7820హెచ్‌క్యూ అనే చిప్‌కు మినహాయింపు దొరికింది, అది మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న చిప్ కావడం గమనించదగిన విషయం. కంపెనీ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణ ప్రకారం, కనీస అర్హతలు లేని యంత్రాలలో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. కెర్నెల్ స్థాయిలో పనిచేసేవి ముఖ్యంగా డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు. కాబట్టి ఆ అంకెను నేను ప్రాసెసర్ల బలహీనతగా కంటే, పాత యంత్రాలలో పేరుకుపోయిన పాత డ్రైవర్ల లెక్కగానే చదువుతాను.

జాబితాను చూసేటప్పుడు తరాన్ని గుర్తించడంలో చాలామంది పొరపడతారు. ఐ5-7400లో మొదటి అంకె 7 కనుక అది ఏడో తరం. ఐ5-1235యులో మొదటి అంకె 1 అయినా అది పన్నెండో తరం, ఐ5-1035జీ1 పదో తరం. ఏఎమ్‌డీలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ: రైజెన్ 5 2600 జాబితాలో ఉంది, అదే 2000 వరుస పేరు పెట్టుకున్న ల్యాప్‌టాప్ చిప్ రైజెన్ 5 2500యు లేదు. అందువల్ల తరం సంఖ్యను బట్టి ఊహించకుండా పూర్తి మోడల్ పేరుతో వెతకడం మంచిది.

అసలు సంగతి డ్రైవర్లది. విండోస్‌లో డ్రైవర్ రాసే బాధ్యత చాలావరకు ఆ పరికరాన్ని తయారు చేసిన కంపెనీది. కంపెనీ ఆ మోడల్‌ను ఆపేసిన కొన్నాళ్లకు డ్రైవర్ కూడా ఆగిపోతుంది, ఆ తర్వాత వచ్చిన విండోస్‌లో అది పనిచేస్తే మన అదృష్టం. లినక్స్‌లో ఇది తలకిందులుగా ఉంటుంది: ఒక పరికరం డ్రైవర్ కెర్నెల్‌లో చేరిందంటే సాధారణంగా ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, కానీ మార్కెట్లోకి నిన్న వచ్చిన పరికరానికి అది చేరడానికే సమయం పడుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలావరకు నిర్ణయం తేలిపోతుంది. యంత్రం పాతబడేకొద్దీ లినక్స్ వైపు తూకం మొగ్గుతుంది, కొత్తదయ్యేకొద్దీ తాజా విండోస్ వైపు మొగ్గుతుంది, మధ్యలో ఉన్న ఆరో, ఏడో తరాల దగ్గరే ముల్లు ఊగుతుంది.

ఏ పరికరానికి డ్రైవర్ లేదో తెలుసుకోవడానికి డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఉన్న వరుస మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిచి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోవాలి. అక్కడ వీఈఎన్ (VEN) అనే అక్షరాల తర్వాత 8086 ఉంటే అది ఇంటెల్ పరికరం, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 10డీఈ ఉంటే ఎన్‌విడియా, 1002 ఉంటే ఏఎమ్‌డీ. 1978లో తెచ్చిన తమ చిప్ సంఖ్యనే ఇంటెల్ వారు గుర్తింపు సంఖ్యగా తీసుకోవడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది. డీఈవీ (DEV) తర్వాత వచ్చే నాలుగు అక్షరాలు మోడల్‌ను తెలియజేస్తాయి. ఈ రెండింటినీ కలిపి తయారీదారు సైట్‌లో వెతకడమే సరైన పద్ధతి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో వేస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోకపోవడం మంచిది.

ఇప్పుడు మొదటి దారి. విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉన్న వ్యక్తిగత కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకాన్ని 2026 అక్టోబరు 13 వరకు ప్రకటించింది. 30 డాలర్లు చెల్లించి గానీ, 1000 రివార్డ్స్ పాయింట్లు వాడి గానీ, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను బ్యాకప్ చేసి ఉచితంగా గానీ అందులో చేరవచ్చు. దీనివల్ల వచ్చేవి భద్రతా సవరణలు మాత్రమే, కొత్త సదుపాయాలూ కొత్త డ్రైవర్లూ రావు. అయితే ఉన్న డ్రైవర్లు చెదరవు, ఈ దారికి ఉన్న అసలు బలం అదే. పాత స్కానర్‌కో బార్‌కోడ్ యంత్రానికో 32 బిట్ (పాత తరహా) డ్రైవర్ మాత్రమే ఉన్నవారికి వేరే దారి కూడా లేదు, ఎందుకంటే విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు, 64 బిట్ కెర్నెల్ 32 బిట్ డ్రైవర్‌ను ససేమిరా తీసుకోదు.

మన ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపులు ఈ కోవలోకే వస్తాయి. పేజీలు కూర్చే 2001 నాటి ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7.0, దానితోపాటు తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు, ఏళ్లుగా పోగుపడిన పాత ఫైళ్లు, పక్కన ఒక కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్: ఇంత సంసారాన్ని కదిలించమని చెప్పడం సులువే గానీ, పెళ్లిళ్ల సీజన్లో కదిలించి చూసినవారికి ఆ కష్టం తెలుస్తుంది. అలాంటి యంత్రాన్ని విండోస్ 10లోనే ఉంచి, ఇంటర్‌నెట్ తీసేసి, ఫైళ్ల రాకపోకలకు మరో కంప్యూటర్‌ను వాడటం మేలని నా అభిప్రాయం.

రెండో దారి, జాబితాలో లేని ప్రాసెసర్ మీద విండోస్ 11. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు ప్రాసెసర్, టీపీఎం తనిఖీలను తీసివేయవచ్చు. మా 7400 మీద అది నిక్షేపంగా నడుస్తుంది. దానిలోని హెచ్‌డీ గ్రాఫిక్స్ 630కు విండోస్ 11లో పనిచేసే డ్రైవర్‌ను ఇంటెల్ ఇచ్చింది. మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సదుపాయానికి కావలసిన హార్డ్‌వేర్ సాయం కూడా ఏడో తరంలో ఉంది. ఆ సదుపాయాన్ని ఆన్ చేసేటప్పుడు సరిపడని డ్రైవర్ ఉంటే విండోస్ దాని పేరు చూపిస్తుంది కనుక, ఏ పాత పరికరం అడ్డుపడుతున్నదో అక్కడే తెలిసిపోతుంది.

లోటు ఎక్కడంటే, ఇలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. నెలనెలా వచ్చే అప్‌డేట్లు ఆచరణలో వస్తున్నాయి. ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ మాత్రం తనంతట తాను రాదు, ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టలేషన్ డిస్కు నకలు) దించుకుని చేత్తో ఎక్కించుకోవాలి. హోమ్, ప్రో రూపాలలో ఒక్కో వెర్షన్‌కు రెండేళ్లే మద్దతు ఉంటుంది కాబట్టి ఈ పని చేయగలవారు ఇంట్లో ఉండాలి. ఊళ్లో తల్లిదండ్రుల దగ్గర ఇలా ఎక్కించి హైదరాబాద్‌కో డాలస్‌కో వెళ్లిపోవడం సరికాదు.

ఏడో తరానికి చెల్లిన ఈ దారి ఇంకా పాతవాటికి అంతగా చెల్లదు. విండోస్ 11 గ్రాఫిక్స్‌కు డైరెక్ట్ఎక్స్ 12 అనే గ్రాఫిక్స్ వ్యవస్థ, దానితోపాటు డబ్ల్యూడీడీఎం (విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్ల ప్రమాణం) 2.0 స్థాయి డ్రైవర్ కావాలని అడుగుతుంది. రెండు, మూడు తరాల ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఆ స్థాయి డ్రైవర్ రాలేదు. ఇక వాటికంటే పాత చిప్ కోర్ 2 డ్యుయో సంగతి ఎత్తనే అక్కర్లేదు: విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ప్రాసెసర్‌లో తప్పనిసరి, అవి లేని చిప్ మీద ఏ కిటుకూ పారదు, విండోస్ బూట్ కాదు.

మూడో దారి లినక్స్. కొత్తవారికి నేను చెప్పేది లినక్స్ రూపాలలో ఒకటైన లినక్స్ మింట్ 22, ఉబుంటు 24.04 అనే మరో రూపం పునాదిగా కట్టినది కనుక దానికి 2029 వరకు మద్దతు ఉంది. నాలుగో తరం నుంచి ఏడో తరం దాకా ఇంటెల్ గ్రాఫిక్స్, శబ్దం, ల్యాన్ ఏ సీడీ అడగకుండా మొదటి బూట్‌లోనే పలుకుతాయి. తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే టైపింగ్ ఏర్పాటులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, యూనికోడ్ ఫాంట్లు చక్కగా కనిపిస్తాయి. చిక్కంతా ప్రింటర్ల దగ్గర వస్తుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివి హెచ్‌పీఎల్‌ఐపీ అనే ప్యాకేజీకి తోడు ఒక అదనపు ప్లగిన్ వేస్తే గాని కదలవు. ఇందాక చెప్పిన ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే సొంత భాష మాట్లాడుతుంది కనుక దాన్ని లినక్స్‌లో పలికించడం ఓపికకు పరీక్షే. ఎన్‌విడియా జీటీ 710 కార్డు ఉన్నవారికి ఇంకో సంగతి: కంపెనీ ఆ తరం కార్డులను 470 వరుస డ్రైవర్ దగ్గరే వదిలేసింది, కాబట్టి కెర్నెల్‌తోపాటు వచ్చే నూవో డ్రైవర్‌తో సరిపెట్టుకోవడం సుఖం. ఆఫీసు వీపీఎన్, బయోమెట్రిక్ పరికరాలు విండోస్‌నే అడిగితే ఈ దారి అక్కడితో మూసుకుపోయినట్లే.

దీనికి ఎదురు ప్రశ్న కూడా తరచుగా వస్తుంది: కొత్త ల్యాప్‌టాప్ మీద అలవాటైన పాత విండోస్ వేసుకుంటే పోదా? పోదనే నా జవాబు. ఆరో తరం నుంచి ఇంటెల్ పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ను తీసివేసినప్పుడే విండోస్ 7 ఇన్‌స్టలేషన్ తెరలో కీబోర్డూ మౌసూ చచ్చుపడి ఉండేవి. పన్నెండో తరం నుంచి వచ్చిన పెద్ద, చిన్న కోర్ల మధ్య పని పంచడానికి ఇంటెల్ పెట్టిన థ్రెడ్ డైరెక్టర్ సూచనలను విండోస్ 11 వాడుకుంటుంది, విండోస్ 10 వాడుకోదు.

ఒకసారి మా పిన్నిగారి అబ్బాయి పదకొండో తరం ల్యాప్‌టాప్‌కు విండోస్ 10 వేయబోతే, డిస్కులు చూపించవలసిన చోట ఖాళీ పెట్టె కనిపించింది. ఎస్‌ఎస్‌డీ పోయిందని అరగంట కంగారు పడ్డాను. అది పోలేదు, బయోస్‌లో (యంత్రం ఆన్ కాగానే తెరవగల సెట్టింగుల తెరలో) డిస్కులను ఇంటెల్ నియంత్రణలో ఉంచే వీఎమ్‌డీ అనే ఐచ్ఛికం ఆన్‌లో ఉండటం వల్ల ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే డిస్కు డ్రైవర్ లేకుండా కనిపించదు, అంతే. డ్రైవర్‌ను ఈఎక్స్‌ఈ ఫైలుగా కాక విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ డ్రైవర్ నొక్కగానే డిస్కు ప్రత్యక్షమైంది. ఇన్‌స్టలేషన్ ముగిశాక వైఫై లేదు, ఆ ల్యాప్‌టాప్‌కు ల్యాన్ రంధ్రమూ లేదు; ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే గాని బయటపడలేదు. తొందరపడి వీఎమ్‌డీని ఆపేస్తే అప్పటికే ఉన్న విండోస్ నీలి తెరతో ఆగిపోయే ప్రమాదం ఉంది.

నా తీర్పు ఇది. ఆరు, ఏడు తరాల యంత్రం ఉండి, ఏడాదికోసారి గంట కేటాయించగలవారికి విండోస్ 11 మేలు. అలా చూసుకునేవారు లేక, బ్రౌజర్, యూట్యూబ్, ఉత్తరాలు రాయడం దాటి పని లేని ఇళ్లకు మింట్ మేలు. ఐదో తరానికీ అంతకంటే పాతవాటికీ అయితే నిస్సందేహంగా మింటే. పాత పరికరాల మీద జీవనం నడిచే షాపులకు విండోస్ 10 తప్ప గత్యంతరం లేదు, పైన చెప్పిన జాగ్రత్తలతో.

మింట్ ఎంచుకున్నవారు డిస్కును ముట్టుకోకుండా ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా ఒక పూట నడిపి చూడాలి. ప్రింటర్ మీద పరీక్ష పేజీ తీయాలి, హెడ్‌ఫోన్ పెట్టి పాట వినాలి, ల్యాప్‌టాప్ అయితే మూత మూసి పది నిమిషాల తర్వాత తెరవాలి. తెరిచాక వైఫై తనంతట తాను కలవకపోతే, ఆ కార్డు సంఖ్యను కాగితం మీద రాసుకుని, విండోస్‌ను ఇంకా చెరిపేయకుండా, దాని డ్రైవర్ కోసం వెతకడం మొదలుపెట్టాలి.