జాజ్ యాడ్-ఆన్: ట్రైలర్‌లో కనిపించే క్లబ్బు మీకు రాదు

సిటీ బిల్డింగ్ గేములు ఆడేవాళ్లలో జాజ్ మీద మోజున్నవాళ్లు ఎక్కువే. దానికి కారణం లేకపోలేదు. 1999లో వచ్చిన సిమ్‌సిటీ 3000లో జెర్రీ మార్టిన్ బృందం ఇచ్చిన సంగీతంలో జాజ్ గట్టిగా వినిపిస్తుంది. రోడ్లు వేసుకుంటూ, కరెంటు లైన్లు లాక్కుంటూ అది విన్నవాళ్లకి ఊరు కట్టడమంటే వెనకాల పియానో మోగాల్సిందే. ఇప్పుడు ఆ మోజునే అమ్ముకుంటున్నారు. నేను ఆడే గేమ్‌కి ఒక జాజ్ రేడియో యాడ్-ఆన్ (గేమ్‌కి తోడుగా విడిగా కొనుక్కునే ముక్క, ఇది గేమ్ లోపల మోగే రేడియోకి సంబంధించింది) వచ్చింది, కొన్నాను. డబ్బు దండగ. సేల్‌లో అది మీ కంట పడకముందే సంగతంతా చెప్పేస్తాను.

ముందు ట్రైలర్ గురించి. వాన పడి తడిసిన వీధి, నియాన్ బోర్డు మినుకుమినుకుమంటున్న జాజ్ క్లబ్బు, బయట జనం క్యూ, వెనకాల డబుల్ బేస్. చూస్తే ఆ క్లబ్బు మన ఊళ్లో కట్టుకోవచ్చనే ఎవరైనా అనుకుంటారు. కొని ఇన్‌స్టాల్ చేశాక బిల్డింగుల మెనూ అంతా గాలించాను, ఎక్కడా లేదు. రేడియో లిస్టులో ఒక చానల్ పెరిగింది, అంతే. స్టోర్ పేజీ అడుక్కి వెళ్తే చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: వీడియోలో చూపించినవాటిలో కొన్ని విడిగా కొనుక్కోవాలట. ఆ క్లబ్బు ఇంకో పెద్ద ఎక్స్‌పాన్షన్‌లోది, అంటే గేమ్‌కి కొత్త బిల్డింగులూ అవీ చేర్చే విడి ప్యాక్‌లోది. అబద్ధం అనడానికి వీల్లేకుండా భలే జాగ్రత్తపడ్డారు.

వాయించినవాళ్లని మాత్రం తప్పుపట్టను. స్నేర్ డ్రమ్ మీద బ్రష్‌లు తిప్పుతుంటే వచ్చే ఆ సరసర శబ్దం, కింద నడుస్తూ పోయే బేస్, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ ట్రాకులు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సినిమా పాటైతే ఎన్నిసార్లు విన్నా సరే అనుకుంటాం. జాజ్‌కి ప్రాణమే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే సోలో. అదే బాణీని అదే మనిషి మర్నాడు వాయిస్తే వేరేగా ఉంటుంది. ఇక్కడ అదే రికార్డు, అదే సోలో, అదే చోట అదే గమకం. ఇలాంటి గేమ్ కూర్చుంటే గంటలకి గంటలు ఆడతాం కదా, మూడో రౌండుకి వచ్చేసరికి శాక్సోఫోన్ తర్వాత ఏ స్వరం పట్టుకుంటుందో మనకే తెలిసిపోతుంది. మధ్యలో రేడియో హోస్ట్ కబుర్లు, ఉత్తుత్తి ప్రకటనలు. ఆయన జోకు మొదటిసారి బాగానే ఉంది.

ఇంకో తలనొప్పి ఉంది, ఇది నాకు ఏ రివ్యూలోనూ కనిపించలేదు. సేవ్ (ఆడి దాచుకున్న ఆట) లోడ్ చేసిన ప్రతిసారీ ప్లేలిస్ట్ మొదటి పాట నుంచే మొదలవుతుంది. హైవే దగ్గర రౌండబౌట్‌లో లారీలు ఇరుక్కుపోయాయి, ర్యాంపు కూల్చి వేరేగా వేసి చూశాను, ఇంకా ఘోరంగా తయారైంది, పాత సేవ్‌కి వెళ్లాను. ట్రంపెట్ ఎత్తుగడ. మళ్లీ కూల్చాను, మళ్లీ లోడ్ చేశాను. మళ్లీ అదే ట్రంపెట్. ట్రాఫిక్ టెన్షన్ ఒక పక్క, ఇది ఒక పక్క. కొద్దికొద్దిసేపు ఆడేవాళ్లకైతే లిస్టు చివర ఉన్న పాటలు ఎప్పటికీ వినబడవు. పైగా పాటలకీ హోస్ట్ గొంతుకీ కలిపి ఒకటే వాల్యూమ్ స్లైడర్. పాట వినబడేలా పెడితే ప్రకటన వచ్చినప్పుడు చెవులు చిల్లులు పడతాయి.

రేడియో యాడ్-ఆన్ వేరు, సౌండ్‌ట్రాక్ వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. సౌండ్‌ట్రాక్ కొంటే పాటల ఫైళ్లు చేతికొస్తాయి, ఫోన్‌లో వేసుకుని ఎక్కడైనా వినొచ్చు. ఈ రేడియో చానల్ గేమ్ తెరిస్తేనే మోగుతుంది. రేపు గేమ్‌కి రెండో భాగం వస్తే అందులోకి ఇది వస్తుందని ఎక్కడా రాయలేదు.

అసలు దెబ్బ రీఫండ్ దగ్గర తగిలింది. అడిగితే గడువు దాటిందని ముక్తసరిగా ఒక మెసేజ్ పంపి ఊరుకున్నారు. రూల్స్ స్టోర్‌ని బట్టి మారతాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో యాడ్-ఆన్ కొన్న 14 రోజుల్లోపు అడగాలి, కొన్న తర్వాత అసలు గేమ్‌ని 2 గంటల కంటే తక్కువ ఆడి ఉండాలి. యాడ్-ఆన్‌ని 2 గంటలు వినడం కాదు, గేమ్ నడిచిన 2 గంటలు. పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్లినా, మినిమైజ్ చేసి వేరే పని చూసుకున్నా గేమ్ తెరిచి ఉన్నంతసేపూ గడియారం తిరుగుతూనే ఉంటుంది. సిటీ బిల్డర్‌లో 2 గంటలంటే ఒక్క మెట్రో లైను పని. ప్లేస్టేషన్ స్టోర్‌లో ఇంకా బిగువు: కంటెంట్‌లో లోపం ఉంటే తప్ప, డౌన్‌లోడ్ మొదలుపెట్టాక సాధారణంగా డబ్బు వెనక్కి రాదు. గాగ్ (GOG) స్టోర్‌లో మాత్రం 30 రోజుల వరకు అడగొచ్చు.

అందుకని ఇలాంటివి కొంటే ఆ రోజు ఊరు కట్టే పని పెట్టుకోకండి. పాత సేవ్ ఒకటి తెరవండి, చానల్ పెట్టండి, ఒక అరగంట విని గేమ్ పూర్తిగా మూసేయండి. నచ్చకపోతే అప్పుడే రీఫండ్‌కి పెట్టేయండి, వారాంతంలో చూద్దాం అనుకుంటే పోయినట్టే. కొనకముందైతే స్టోర్ పేజీలో ఏమేం వస్తాయో రాసిన చోట బిల్డింగులు, మ్యాపులు అన్న మాట ఉందో లేదో చూడండి. ఆ పాటలు యూట్యూబ్‌లో దొరుకుతాయేమో వెతకండి, రెండు వింటే మీకే తెలుస్తుంది.

బండిల్స్‌తో (కొన్నిటిని కలిపి ఒకే ధరకి అమ్మే కట్టలతో) కూడా జాగ్రత్త. పెద్ద ఎక్స్‌పాన్షన్ పక్కన దీన్ని కొసరులా పడేస్తారు, కానీ కొసరుకీ ధర కడతారు. బండిల్ ధరని ఎక్స్‌పాన్షన్ విడి ధరతో పోల్చి చూస్తే ఆ తేడా ఎంతో బయటపడుతుంది.

ప్రస్తుతానికి నేను గేమ్‌లో మ్యూజిక్ స్లైడర్ సున్నాకి దించేసి, వాన చప్పుడూ ట్రాఫిక్ రొదా మాత్రం ఉంచుకుని, నా దగ్గరున్న జాజ్ ఆల్బమ్‌లు వేరే ప్లేయర్‌లో పెట్టుకుంటున్నాను. గేమ్‌ని బోర్డర్‌లెస్ విండోలో (తెరంతా నిండినా వేరే ప్రోగ్రామ్‌కి సులువుగా మారగలిగే పద్ధతిలో) నడిపితే పాట మార్చడానికి వెళ్లొచ్చినా ఇబ్బంది ఉండదు.