ఇటాలియన్ క్రియల్లో ఊనిక: ఒకే సూత్రమా, క్రియకో 'నేను' రూపమా? ఏది మేలు?

ఊనిక అంటే పదంలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. ఇటాలియన్ రాతలో దాని గుర్తు తప్పనిసరిగా కనిపించేది ఊనిక పదం చివరి అక్షరం మీద పడినప్పుడే. మిగతాచోట్ల చదివేవాళ్లే తేల్చుకోవాలి. క్రియల విషయంలో నేర్చుకునేవాళ్లకు రెండు దారులున్నాయి: చివరినుంచి రెండో అక్షరాన్ని నొక్కడం, లేదా ప్రతి క్రియతోపాటు దాని 'నేను' రూపాన్ని ఊనికతో సహా కంఠస్థం చేయడం. (ఊనిక పడే అక్షరం ముందు ˈ గుర్తు ఉంది.)

మొదటి దారి తేలిక. పర్-ˈల్యా-మొ (మాట్లాడతాం), పర్-ˈలా-తె (మీరు మాట్లాడతారు), పర్-ˈలా-వొ (మాట్లాడేవాణ్ణి): అన్నీ సరిగ్గా వస్తాయి. అక్షరాలు లెక్కపెట్టాలంటే అచ్చులు లెక్కపెడితే చాలు, 'ల్యా'లో ఇ, ఆ కలిసి ఒకటే అవుతాయని గుర్తుంచుకుంటే. జంట హల్లు రెండుగా విడుతుంది (ˈలెగ్-గొ), 'స్' తర్వాత హల్లు వస్తే రెండూ కలిసి తర్వాతి అక్షరంలోకి పోతాయి (ˈరె-స్తొ).

సూత్రం కూలిపోయేది వర్తమానంలో 'వాళ్లు' రూపం దగ్గర. అక్కడ ఏకవచనానికి 'నొ' చేరుతుంది గానీ ఊనిక కదలదు. అందుకే ˈపర్-ల-నొ, పర్-ˈలా-నొ అంటే తప్పు. అర్థమే మారిపోయే చోట్లూ ఉన్నాయి: ˈపెర్-దొ-నొ అంటే 'పోగొట్టుకుంటారు', పెర్-ˈదో-నొ అంటే 'క్షమిస్తున్నాను'.

ఏకవచనంలోనూ ఈ సూత్రాన్ని నమ్మలేం. అబితారె (నివసించు), ఇంపరారె (నేర్చుకొను) ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కానీ 'నేను' రూపాలు ˈఆ-బి-తొ, ఇం-ˈపా-రొ. మూలరూపం చూసి ఈ తేడా చెప్పలేం, కాబట్టి నా ఓటు రెండో దారికే. ˈఆ-బి-తొ తెలిస్తే చివరినుంచి నాలుగో అక్షరం మీద నొక్కే ˈఆ-బి-త-నొ కూడా తెలిసినట్టే. కపీరె (అర్థం చేసుకొను) లాంటి క్రియల్లో మధ్యన 'స్క్' చేరుతుందన్న సంగతీ క-ˈపీ-స్కొ అనే ఆ ఒక్క రూపమే చెబుతుంది.

'ఎరె'తో ముగిసే క్రియలకు మాత్రం మూలరూపంలోని ఊనిక కూడా విడిగా రాసుకోవాలి: వె-ˈదే-రె (చూడు), ˈప్రెన్-దె-రె (తీసుకో). భవిష్యత్తుకు 'నేను' రూపంతో పనిలేదు, ఊనిక ఎప్పుడూ ప్రత్యయం మీదే: పర్-లె-ˈరొ, పర్-లె-ˈరే-మొ.

ఆజ్ఞార్థకానికి 'మి', 'లొ' లాంటివి అతికినా ఊనిక జరగదు: తె-ˈలే-ఫొ-న-మి (నాకు ఫోన్ చెయ్యి), ˈపొర్-త-మె-లొ (దాన్ని నాకు తెచ్చిపెట్టు).