నేవీ డే క్విజ్‌కి 1971 ప్రశ్నలా, 1942 ప్రశ్నలా?

డిసెంబర్ 4 దగ్గర పడితే వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఇదే చర్చ: 1971 భారత్-పాక్ యుద్ధం గురించి అడగాలా, 1942లో ఊరిపై జపాన్ వేసిన బాంబుల గురించి అడగాలా అని.

శ్రమ: 1971కి బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం, విక్టరీ ఎట్ సీ స్మారకం చూసొస్తే సగం ప్రశ్నలు దొరికేస్తాయి. 1942కి లైబ్రరీలో ఓపిగ్గా కూర్చోవాలి.

ఖర్చు: కురుసుర టికెట్టే. 1942కి అదీ లేదు.

పేచీ: పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఎలా మునిగిందని మాత్రం అడగకండి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ యుద్ధనౌక దెబ్బకని మనవాళ్లు, ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాన్, అది తేలదు. ఏ రాత్రి మునిగిందో అడగండి: డిసెంబర్ 3-4. వైజాగ్‌పై జపాన్ బాంబులు పడిన తేదీ, 1942 ఏప్రిల్ 6, దగ్గర ఆ గొడవే రాదు. కానీ చాలామందికి తెలీదు.

పిల్లలు ఎక్కువుంటే 1971. అమ్మానాన్నల నోట ఆ రోజుల కథలు విన్న పెద్దలు వస్తుంటే 1942. నాకైతే అదే ఇష్టం.