పాతబస్తీ నడక యాత్ర: బాగుంది, కానీ కోఠీ ఎక్కడ?

హైదరాబాద్ పాతబస్తీని నడిపించి చూపించే ఒక సంస్థ యాత్రలో గత ఆదివారం పాల్గొన్నాను. షట్టర్లు తెరుచుకోకముందే చార్మినార్ వద్ద నడక మొదలైంది. 1591 నాటి ఆ కట్టడాన్ని తోపులాట లేకుండా చూడటానికి అంతకన్నా మంచి వేళ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది పత్తర్‌గట్టి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కట్టించిన ఆ రాతి కమానుల కింద బట్టల కోసం ఎన్నోసార్లు తిరిగినా, పై అంతస్తు కిటికీల వైపు తలెత్తి చూడటం ఇదే మొదటిసారి. అదే వరదకు, మొహర్రం సంతాప మందిరమైన బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలపై దెబ్బతిన్న పలకలనూ, తరువాత రంగులతో పూరించిన భాగాన్నీ గైడు పక్కపక్కనే చూపించి, తేడాను ఓపికగా వివరించారు.

చివరగా లాడ్ బజార్‌లో ఒక పనివాడు కుంపటి మీద మెత్తబడిన లక్కను సాగదీసి, గాజుగా గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయినీ అద్దుతుంటే పావుగంట కదలలేకపోయాము.

అయితే ఇరవై మందికి ఒకే గైడు, అదీ మైకు లేకుండా, కావడంతో వెనకనున్నవారికి సగం మాటలు వినపడలేదు. ప్రకటనలో ఉన్న కోఠీ రెసిడెన్సీని, అంటే ఒకప్పటి బ్రిటిష్ ప్రతినిధి నివాస భవనాన్ని, సమయం చాలదంటూ వదిలేశారు. మూసీకి అవతలి పేటల స్వభావమే వేరు కనుక ఆ లోటు చిన్నది కాదు. రుసుము తగ్గించమని అడిగితే మరోసారి రమ్మన్నారు, కానీ ఉచితంగా కాదు.