కనజవా ‘గెయిషా వీధి’ పూర్తి రోజు ప్యాకేజీ: డబ్బు కట్టేముందు ఇది చదవండి

జపాన్ యాత్రకు సిద్ధమవుతున్నవాళ్లకూ, ఇక్కడే ఉద్యోగం చేస్తూ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నాలుగు చోట్లకు తిప్పాలనుకునేవాళ్లకూ ఈ హెచ్చరిక. జపాన్ సముద్రం వైపున్న కనజవా నగరంలో హిగాషి చాయ అనే పాత వీధి ఉంది. ‘చారిత్రక టీ గృహాల్లో రోజంతా’, ‘గెయిషాతో తేనీటి వేడుక’ (గెయిషా అంటే ఆటపాటలతో అతిథులను అలరించే జపాన్ కళాకారిణి) అంటూ దాన్ని చూపించే ప్యాకేజీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. సొమ్మంతా ముందే కట్టాలి. మేము కొన్నదాని ధర మనిషికి 38,000 యెన్లు, అంటే మన డబ్బులో ఇరవై వేల పైచిలుకు. చెప్పినవాటిలో సగం జరగలేదు. జరిగిన సగం విడిగా చూసుకుంటే అందులో నాలుగో వంతు కూడా ఖర్చు కాదు.

సంస్థ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం ఉండదు. అవే ఫోటోలు, అవే వాక్యాలు వేర్వేరు పేర్లతో, వేర్వేరు ధరలతో కనిపిస్తున్నాయి. ఆనవాళ్లు తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

అసలు ఆ వీధి సంగతి తెలియకపోతే మోసం ఎక్కడుందో అర్థం కాదు. 1820లో, అప్పట్లో కనజవాను ఏలిన కగా సంస్థానం, నగరంలో అక్కడక్కడా ఉన్న వినోద గృహాలను ఊరి అంచుకు చేర్చి, అనుమతి ఇచ్చి నడిపించిన పేట ఇది. రెండంతస్తుల చెక్క ఇళ్లు, వీధి వైపు సన్నటి నిలువు పట్టీల జాలీలు, మేడమీద ఎర్రగానో నీలంగానో రంగు వేసిన గోడలు. పేరుకు టీ గృహాలే కానీ అక్కడ అమ్మింది టీ కాదు. డబ్బున్న వర్తకులు సాయంత్రాలు వచ్చి కూర్చుంటే గెయిషాలు షామిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయించేవారు, పాడేవారు, ఆడేవారు. కొన్ని ఇళ్లలో ఆ ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తోంది. 2001లో జపాన్ ప్రభుత్వం ఈ వీధిని సంప్రదాయ కట్టడాల పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది.

పగటిపూట ఆ వీధిలో తిరగడానికి టికెట్టే లేదు. ఎవరైనా వెళ్లవచ్చు, ఎంతసేపైనా ఉండవచ్చు. రాత్రి ఆ ఇళ్లలో జరిగే గెయిషా విందుకు మాత్రం జేబులో డబ్బున్నా వెళ్లలేం. అలవాటైన అతిథి ఎవరైనా పరిచయం చేస్తేనే కొత్తవాళ్లను రానివ్వడం అక్కడి సంప్రదాయం. అంటే ప్యాకేజీలో ఒక భాగం ఎవరికైనా ఉచితంగా దొరికేది, రెండో భాగం అమ్మేవాళ్ల చేతిలో లేనిది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఆ ప్రకటనలో నమ్మడానికి ఏమీ మిగలదు.

మమ్మల్ని తేనీటి వేడుకకు తీసుకెళ్లింది ఆ వీధిలోకి కాదు, నాలుగు సందుల అవతల ఉన్న ఓ వాణిజ్య భవనానికి. లిఫ్టు ఎక్కమన్నప్పుడే అనుమానం వచ్చింది. రెండు వందల ఏళ్ల చెక్క ఇంట్లో లిఫ్టు ఎక్కడిది? తలుపు తెరుచుకోగానే నేలమీద వరసగా పరిచిన తతామి చాపలు, వాటి అంచుల కింద నుంచి తొంగిచూస్తున్న బూడిదరంగు ఆఫీసు కార్పెట్టు. కుంపటి మీద ఇనుప పాత్ర ఉండాల్సిన చోట ఎలక్ట్రిక్ కెటిల్. దాని తీగను వెదురు తడిక వెనక దాచారు కానీ ఎర్ర దీపం మాత్రం కనిపిస్తూనే ఉంది. మా నలుగురి కోసమే అన్న వేడుకలో ఇరవై మందికి పైగా కూర్చున్నారు. మట్చా (పచ్చటి తేయాకు పొడితో చేసే టీ) కలిపిన అమ్మాయి ఎంతో మర్యాదగా ఉంది, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే ఆమె గెయిషా కాదు. అడిగితే తనే నవ్వి, విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ సెలవు రోజుల్లో ఈ పని చేస్తున్నానని చెప్పింది. అప్పటికే మా అమ్మ రాజమండ్రిలో ఉన్న పిన్నికి వీడియో కాల్ చేసి ‘గెయిషా ఇదిగో’ అని చూపించేసింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అమ్మ ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు, అది వేరే సంగతి.

గైడును నిలదీస్తే కాసేపు నీళ్లు నమిలి, ప్రకటనలో ‘గెయిషా శైలి’ అని ఉందని ఫోను తీసి చూపించాడు. నిజమే, చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాల్లో, ఫోటో పక్కన, ఆ ‘శైలి’ లేదు.

ప్రత్యేక వాహనం అన్నది నగరంలో తిరిగే మామూలు బస్సుకు ఒక రోజు పాసుగా మారింది. బస్సులు బాగానే ఉంటాయి. స్టేషన్ నుంచి హషిబాచో స్టాపు దాకా పావుగంట కూడా పట్టదు, దిగి నాలుగడుగులు వేస్తే వీధి. మోకాళ్ల నొప్పులున్న నాన్న కోసమే వాహనమున్న ప్యాకేజీ తీసుకున్నామని ముందే రాసి పంపినా లాభం లేకపోయింది. రద్దీ బస్సులో ఆయన నిలబడే వచ్చారు.

ప్యాకేజీలో భాగంగా అద్దెకిచ్చే కిమోనో (జపాన్ సంప్రదాయ దుస్తులు) దగ్గర ముక్కు పిండి వసూలు చేశారు. ప్యాకేజీలో కలిసినవి ఒక మూల హ్యాంగరుకు వేలాడుతున్న వెలిసిపోయిన అయిదారు మాత్రమే. మిగిలినవన్నీ ‘ప్రత్యేక శ్రేణి’, వాటికి అదనం. తల దువ్వడానికి అదనం. బొటనవేలు విడిగా ఉండే ఆ మేజోళ్లకూ అదనమే. తిరిగి ఇచ్చేటప్పుడు మా అక్క కట్టుకున్నదాని అంచు మీద బురద చుక్కలు చూపించి, శుభ్రం చేయడానికంటూ 5,500 యెన్లు అడిగారు. కనజవాలో వాన ఎంత మామూలంటే, ‘అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు’ అని ఆ ప్రాంతంలో సామెతే ఉంది. వాన రోజున రాళ్లు పరిచిన వీధిలో నేలబారు బట్టలు కట్టించి నడిపించి, చుక్క పడిందని జరిమానా వేయడం ఏ వ్యాపారమో వాళ్లే చెప్పాలి. మీరు విడిగా అద్దెకు తీసుకున్నా సరే, మరకల లెక్క ఏమిటో ముందే అడగండి, కట్టుకోగానే అంచులు ఫోటో తీసి పెట్టుకోండి.

భోజనం గురించి శాకాహారులకు ఒక మాట. ‘శాకాహార భోజనం’ అని రాసి ఉంది. పళ్లెంలో కూరగాయలూ తోఫూయే ఉన్నాయి. కానీ సూపులోనూ ఉడికించిన ముల్లంగిలోనూ ఎండబెట్టిన బొనీటో చేపతో కాచిన రసమే. జపాన్‌లో చేప ముక్క కనిపించకపోతే చాలు, శాకాహారం అనుకునేవాళ్లు చాలామంది. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. ప్యాకేజీ అమ్మేవాళ్లకు మాత్రం ఈ తేడా బాగా తెలుసు. నాన్న ఒట్టి అన్నం, పచ్చడి ముక్కలతో సరిపెట్టుకున్నారు.

బంగారు రేకు పని నేర్పిస్తామన్న గంట మరో తమాషా. జపాన్‌లో తయారయ్యే బంగారు రేకులో దాదాపు 99 శాతం కనజవాదే. మిల్లీమీటరులో పదివేలో వంతు మందం ఉంటుంది, ఊపిరి గట్టిగా వదిలితే లేచిపోతుంది. అంత గొప్ప విద్య ఉన్న ఊళ్లో మాకు చూపించింది ఒక జత చాప్‌స్టిక్స్ మీద రేకు అంటించడం. అది పది నిమిషాల్లో అయిపోయింది. మిగతా యాభై నిమిషాలు అదే దుకాణంలో క్రీములు, బంగారం కలిపిన టీ పొట్లాలు, నగల పెట్టెలు చూడాలి. ‘బస్సుకు ఇంకా సమయం ఉంది’ అంటూ గైడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. బస్సులు పావుగంటకొకటి వస్తూనే ఉన్నాయి.

ఇంత జరిగినా ఆ వీధికి వెళ్లవద్దని చెప్పను. తప్పకుండా వెళ్లండి, సొంతంగా వెళ్లండి. పొద్దున తొమ్మిదికి ముందు చేరుకుంటే పర్యాటకులు పెద్దగా ఉండరు. జాలీల మీద ఏటవాలు ఎండ పడుతుంటుంది, ఇళ్లవాళ్లు గుమ్మాల ముందు ఊడుస్తుంటారు. షిమా అనే ఇల్లు 1820లో కట్టింది. తర్వాతి కాలంలో పెద్దగా మార్చకుండా అలాగే ఉంచారు, 2003లో జాతీయ ముఖ్య సాంస్కృతిక ఆస్తిగా ప్రకటించారు. లోపలికి వెళ్లడానికి సుమారు 500 యెన్లు. చెప్పులు విప్పి, సంచులు లాకరులో పెట్టి, మెట్లెక్కితే గెయిషాలు ఆడిన గది, అతిథులు కూర్చున్న గది ఎదురెదురుగా కనిపిస్తాయి. కింద వంటగది, బావి, దువ్వెనలు, వాద్యాలు కూడా ఉన్నాయి. అక్కడే తోట పక్కన కూర్చుని మిఠాయితో మట్చా తాగే గదికి విడిగా కొన్ని వందల యెన్లు. ఎదురు వరసలోని కైకారో అనే మరో టీ గృహానికి 750 యెన్ల వరకు ఉంటుంది. ఎర్ర లక్క మెట్లు, బంగారు తేనీటి గది అందులోనే. ధరలు కాస్త అటూ ఇటూ అయినా, ఈ రెండూ చూసి, మట్చా తాగి, దాదాపు వెయ్యి యెన్ల బంగారు రేకు ఐస్‌క్రీమ్ కూడా తిన్నా, మాకు అమ్మిన ధరలో పదో వంతు కాదు. ఐస్‌క్రీమ్ మాత్రం దుకాణం దగ్గరే నిలబడి తినండి, ఆ వీధిలో నడుస్తూ తినవద్దని కోరతారు.

గైడు కావాలా? అదే పేటలో కాసేపు కూర్చుని సేదతీరే ఉచిత విశ్రాంతి గృహం ఉంది. అక్కడ పగటిపూట ‘మైదోసాన్’ అని పిలిచే స్వచ్ఛంద గైడులు ఉంటారు, రుసుము తీసుకోరు. వాళ్లు మాట్లాడేది ఎక్కువగా జపనీస్. ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లు కావాలంటే నగరంలోని గుడ్‌విల్ గైడుల బృందానికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్ల దారి ఖర్చు, ప్రవేశ రుసుము మనం చూసుకుంటే చాలు. నిజమైన గెయిషాల ఆటపాటలు చూడాలని గట్టిగా ఉంటే, పర్యాటకుల కోసం అప్పుడప్పుడు జరిగే ప్రదర్శనలకు టికెట్లు దొరుకుతాయి. ఆ రోజుల్లో ఏమున్నాయో కనజవా స్టేషన్‌లోని పర్యాటక సమాచార కేంద్రంలో అడగండి. పెద్దవాళ్లు వెంట ఉంటే పాస్‌పోర్టు తీసుకెళ్లండి. దగ్గర్లోని కెన్‌రోకుయెన్ తోటలో 65 ఏళ్లు దాటినవారికి వయసు రుజువు చూపిస్తే ప్రవేశం ఉచితం.

ఇక ఆనవాళ్లు. ‘ప్రత్యేకం’, ‘మీకోసమే’ అని ఉండి, వేడుక జరిగే ఇంటి పేరు, చిరునామా ఎక్కడా లేకపోతే అనుమానించండి. షిమాలో అయితే షిమా అనే రాస్తారు, దాచరు. ఫోటోల్లో కిక్కిరిసిన ఎర్ర లాంతర్లో, ముఖానికి తెల్లరంగు పూసుకున్న క్యోటో మైకోలో (గెయిషా విద్య నేర్చుకుంటున్న అమ్మాయిలు) కనిపిస్తే అవి కనజవావి కావు. క్యోటో నుంచి నేరుగా రైలు అని రాసి ఉంటే ఆ పేజీని ఎవరూ చాలాకాలంగా ముట్టుకోలేదని అర్థం. 2024 మార్చి 16న షింకాన్సెన్ బుల్లెట్ రైలు మార్గాన్ని క్యోటో దారిలోని త్సురుగా దాకా పొడిగించినప్పటి నుంచి అక్కడ రైలు మారాల్సిందే. అన్నింటికంటే ముఖ్యం, అమ్మేవాళ్ల వివరాలు. జపాన్‌లో ఆన్‌లైన్ అమ్మకందారు తన పేరు, చిరునామా, ఫోను నంబరు చూపించాలని చట్టం ఉంది. ప్రయాణ ఏర్పాట్లు కలిపి టూరు అమ్మాలంటే ట్రావెల్ ఏజెన్సీగా నమోదు కావాలి, ఆ నమోదు సంఖ్య పేజీలో ఉండాలి. మాకు అమ్మినవాళ్ల పేజీలో ఉన్నది ఒక మెయిల్ చిరునామా, అంతే.

ఆన్‌లైన్‌లో కొన్నాక మనసు మార్చుకుని వెనక్కి ఇచ్చేసే కూలింగ్ ఆఫ్ హక్కు జపాన్ చట్టంలో ఇలాంటి కొనుగోళ్లకు లేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. మేము చేసింది ఇదీ: ప్రకటన పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు, కార్పెట్టు, కెటిల్ ఫోటోలు, బస్సు పాసు, కిమోనో రసీదు కలిపి, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అని కార్డు బ్యాంకుకు ఫిర్యాదు పంపాం. వాహనం, తేనీటి వేడుక తాలూకు సొమ్ము తిరిగి వచ్చింది. దుకాణంలో నగదుగా ఇచ్చిన 5,500 రాలేదు, వస్తుందన్న ఆశ కూడా లేదు. కాబట్టి అక్కడ ఏ అదనపు రుసుమైనా కార్డుతోనే కట్టండి. జపాన్‌లో ఉంటున్నవాళ్లు వినియోగదారుల సహాయ నంబరు 188కి ఫోను చేయవచ్చు. పర్యాటకుల కోసం జాతీయ వినియోగదారుల కేంద్రం ఇంగ్లిష్‌లోనూ సమాధానం చెప్పే సహాయ లైను విడిగా నడుపుతోంది.

ఇప్పటికే ఇలాంటిది కొనేసి, ఇంకా వెళ్లనివాళ్లు ముందు తేదీ చూసుకోండి. ట్రావెల్ ఏజెన్సీల ప్రామాణిక నిబంధనల ప్రకారం ఒక రోజు టూరును 11 రోజుల ముందు వరకు రద్దు చేస్తే కోత ఉండదు. పదో రోజు నుంచి 20 శాతం, ఏడో రోజు నుంచి 30, ముందు రోజు 40, ఆ రోజే బయలుదేరేలోపు అయితే 50 శాతం దాకా పట్టుకోవచ్చు. ‘కట్టిన క్షణం నుంచి ఒక్క యెన్ కూడా తిరిగి ఇవ్వం’ అని వాళ్లు రాస్తే, నమోదు సంఖ్య పంపమని ఆ మెయిల్‌కే జవాబు రాయండి.