ఆరో తరగతికి ఏది మేలు: స్టేట్ సిలబసా, సీబీఎస్‌ఈనా?

ఐదో తరగతి అయిపోతోందంటే మహబూబ్‌నగర్, నల్లగొండ ఊళ్లలో తల్లిదండ్రులకు టెన్షన్ మొదలైనట్టే. ఊళ్లోని సర్కారు హైస్కూల్లో వేయాలా, టౌన్‌లోని సీబీఎస్‌ఈ బడికి పంపాలా? ఫీజు, బస్సు లెక్కలు అందరూ వేస్తారు. రెండు చోట్లా పిల్లలు ఏం చదువుతారో పుస్తకాలు తెరిచి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

తేడా ఎక్కువగా కనిపించేది లెక్కల్లో. స్టేట్ పుస్తకంలో 14 అధ్యాయాలు. భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, బీజగణితం అన్నీ ఆరులోనే వచ్చేస్తాయి. సీబీఎస్‌ఈ బడుల్లో చెప్పేది జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. అది 2024లో తెచ్చిన ‘గణిత ప్రకాశ్’లో ఉన్నవి 10 అధ్యాయాలే. బీజగణితం, నిష్పత్తి పై తరగతులకు పోయాయి. ఇంతేనా అని తీసిపారేయకండి. ప్రధాన సంఖ్యల పాఠం ఇడ్లీ-వడ ఆటతో మొదలవుతుంది. పిల్లలు వరుసగా అంకెలు చెబుతుంటారు. 3 గుణిజం వస్తే ‘ఇడ్లీ’, 5 గుణిజం వస్తే ‘వడ’ అనాలి. 15 దగ్గరికొచ్చేసరికి ‘ఇడ్లీ-వడ’! సామాన్య గుణిజం అంటే ఏంటో ఇక వేరే చెప్పక్కర్లేదు. లెక్కల్లో నా ఓటు దీనికే. కాకపోతే సారు నిజంగా ఆడించాలి. గైడు చూసి జవాబులు రాయించే బడి అయితే ఏ పుస్తకమైనా ఒకటే.

సోషల్ విషయంలో మాత్రం మన పుస్తకాన్ని వదులుకోబుద్ధి కాదు. అందులో పీఠభూమి మీది ఊరు అంటే డోకూరు, మన దేవరకద్ర మండలంలోనిదే. వాన తక్కువ, నీళ్లు పడని బోర్లు, బతుకుదెరువుకు వలస... పాలమూరు పిల్లలకు ఇవి పరీక్ష కోసం బట్టీ పట్టాల్సిన సంగతులా? ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం కలిపి ఒకే పుస్తకం చేసింది. గ్రామ పంచాయతీ అందులోనూ ఉంది. కానీ అది దేశం మొత్తానికి రాసింది కదా, మన ఊరు కనబడదు.

సైన్స్‌లో పెద్దగా తగవు లేదు. అయస్కాంతాలు, పదార్థాలను వేరుచేయడం రెండింట్లోనూ ఉన్నాయి. స్టేట్‌లో ఆరులోనే కరెంటు సర్క్యూట్, నీడలు వస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ పిల్లలను ఆకాశంలోకి, గ్రహాల దాకా తీసుకెళ్తుంది.

అసలు ఇబ్బంది భాషలతో. సర్కారు బడిలో హిందీ ఆరులో అక్షరాల నుంచి మొదలవుతుంది. సీబీఎస్‌ఈ బడుల్లో చాలా చోట్ల అప్పటికే పిల్లలు వాక్యాలు రాస్తుంటారు. తెలుగు పోతుందన్న భయం అక్కర్లేదు, తెలంగాణ 2018 చట్టంతో సీబీఎస్‌ఈ బడుల్లోనూ అది తప్పనిసరైంది. ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లకు సర్కారు బడిలో ఒక వెసులుబాటు ఉంది. 2022-23 నుంచి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. ఇంట్లో అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చదివించొచ్చు.

పది కూడా ఇక్కడే చదివించి, ఇంటర్ స్టేట్ బోర్డులో వేసే ఆలోచన ఉంటే ఫీజుకు అప్పు చేసి మరీ సీబీఎస్‌ఈకి మార్చడం నాకు నచ్చదు. ఆ సిలబసే కావాలంటే పిల్లలు ఐదులో ఉండగానే కేంద్రం నడిపే హాస్టల్ బడి నవోదయ ప్రవేశ పరీక్ష రాయించండి. 80 ప్రశ్నలు, 100 మార్కులు. నల్లగొండ వైపు చలకుర్తిలో, పాలమూరు వైపు వట్టెంలో ఈ బడులున్నాయి. సీటు వస్తే చదువు, హాస్టల్ ఉచితం.

ప్రైవేటు సీబీఎస్‌ఈలోనే చేర్చాలని తేల్చుకుంటే ఈ ఎండాకాలం సెలవుల్లో హిందీ గుణింతాలు పూర్తి చేయించండి. అక్కడ ఆరు చదివి ఏడుకు స్టేట్‌కు వచ్చే పిల్లలకైతే బడి తెరిచేలోపు నిష్పత్తి, బీజగణితం రెండూ చెప్పించాలి.